యూనిట్ - 9: పౌరసత్వం - పొందే పద్ధతులు, పౌరుని విధులు, బాధ్యతలు

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పౌరసత్వం - అర్థం
9.3 నిజాం ప్రజల నుండి భారత పౌరులుగా
9.4 పౌరసత్వాన్ని పొందే పద్ధతులు
9.5 పౌరసత్వాన్ని కోల్పోయే పద్ధతులు
9.6 పౌరసత్వం, స్థానికత, గుర్తింపు పత్రాలు
9.7 ప్రాథమిక విధులు
9.8 పౌర బాధ్యతలు
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- పౌరునికి, విదేశీయునికి మధ్య గల తేడాను వివరించగలుగుతారు.
- భారత పౌరసత్వం ఏయే పద్ధతుల ద్వారా లభిస్తుందో, ఏయే పద్ధతుల ద్వారా పోతుందో తెలుపగలుగుతారు.
- పౌరసత్వాన్ని స్థానికత నుండి, గుర్తింపు పత్రాల నుండి వేరుచేసి చూడగలుగుతారు.
- ప్రాథమిక విధులను పేర్కొని, అవి మీ నిత్యజీవితంలో ఎలా వర్తిస్తాయో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

హైదరాబాదులోని మౌలాలి రైల్వే స్టేషన్ సమీపంలో నివసిస్తున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఈ కుటుంబం కేవలం ఉదాహరణ కోసం కల్పించింది. కాని ఇటువంటి కుటుంబాలు మీ బస్తీలో కూడా ఉంటాయి.

తాతగారు 1932లో మౌలాలిలో పుట్టారు. రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయన కుమారుడు 1962లో ఇక్కడే పుట్టాడు. కోడలు 1965లో గోదావరి తీరాన ఉన్న యానాంలో పుట్టింది. ఆమె తండ్రి పుట్టేనాటికి యానాం ఫ్రెంచివారి పాలనలో ఉండేది. మనవడు 1988లో పుట్టి, అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని కూతురు 2018లో న్యూజెర్సీలో పుట్టింది. మనవరాలు 1991లో పుట్టి, పెళ్ళి తరువాత తార్నాకలో ఉంటున్నది. ఆమె కొడుకు 2016లో పుట్టాడు. వారి ఇంటి పై భాగంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే ఒక విదేశీ విద్యార్థి అద్దెకు ఉంటున్నాడు.

ఇప్పుడు ఈ ఇంట్లో ఒక ప్రశ్న తలెత్తింది. మనవడు అమెరికా పౌరసత్వం తీసుకోవాలా వద్దా అని ఫోనులో సలహా అడిగాడు. "తీసుకుంటే వాడు ఇక మన దేశంవాడు కాడా?" అని తాతగారు అడిగారు. ఇంట్లో ఎవరికీ సరైన సమాధానం తెలియదు. ఇంకా విచిత్రమేమంటే, తాము భారత పౌరులు ఎలా అయ్యారో కూడా వారిలో ఎవరూ చెప్పలేకపోయారు. వారెవ్వరూ ఎన్నడూ పౌరసత్వం కోసం దరఖాస్తు చేయలేదు. అయినా వారిలో ఒక్కొక్క తరానికి ఒక్కొక్క నిబంధన కింద పౌరసత్వం లభించింది.

ఆ నిబంధనలు ఏమిటో, పౌరసత్వంతో పాటు వచ్చే విధులు ఏమిటో ఈ యూనిట్‌లో తెలుసుకుందాం. చదువుతున్నప్పుడు మీ కుటుంబ సభ్యుల పుట్టిన తేదీలను పక్కన రాసి పెట్టుకోండి. వారిలో ఎవరికి ఏ నిబంధన వర్తిస్తుందో మీరే నిర్ణయించవచ్చు.

9.2 పౌరసత్వం - అర్థం

ఒక రాజ్యంలో పూర్తి సభ్యత్వం కలిగి, దానివల్ల వచ్చే రాజకీయ హక్కులను అనుభవిస్తూ, ఆ రాజ్యానికి విధేయుడై ఉండే వ్యక్తిని పౌరుడు అంటారు. నివాసం వేరు, సభ్యత్వం వేరు. పై ఉదాహరణలోని విదేశీ విద్యార్థి తార్నాకలో మూడేళ్ళుగా ఉంటున్నాడు. అద్దె చెల్లిస్తాడు, బస్సు ఎక్కుతాడు, కొన్న ప్రతి వస్తువుపై పన్ను కడతాడు. తెలుగు కూడా కొంత నేర్చుకున్నాడు. అయినా అతడు భారత పౌరుడు కాడు.

అట్లని అతనికి హక్కులే లేవని అనుకోరాదు. చట్టం ముందు సమానత్వం (14వ ప్రకరణ), ప్రాణ రక్షణ, వ్యక్తిగత స్వేచ్ఛ (21వ ప్రకరణ), మత స్వేచ్ఛ (25వ ప్రకరణ) మన గడ్డపై ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తాయి. కాని 15, 16, 19, 29, 30 ప్రకరణలలోని హక్కులు పౌరులకు మాత్రమే పరిమితం. ప్రభుత్వోద్యోగాలలో సమాన అవకాశం, వాక్ స్వాతంత్ర్యం, దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు వీటిలోనివి. ఓటు వేయడం, చట్టసభలకు పోటీ చేయడం కూడా పౌరులకే చెల్లుతుంది.

మరొక ముఖ్య విషయం గమనించండి. అమెరికాలో దేశ పౌరసత్వం, రాష్ట్ర పౌరసత్వం అని రెండు ఉన్నాయి. మన రాజ్యాంగం ఏక పౌరసత్వాన్ని మాత్రమే గుర్తించింది. అంటే తెలంగాణ పౌరసత్వం, ఆంధ్రప్రదేశ్ పౌరసత్వం అన్నవి లేవు. ఉన్నది భారత పౌరసత్వం ఒక్కటే.

9.3 నిజాం ప్రజల నుండి భారత పౌరులుగా

మన ఉదాహరణలోని తాతగారు పుట్టేనాటికి మౌలాలి హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆయన నిజాం ప్రభువు ప్రజ. ప్రజ అన్న మాటకు, పౌరుడు అన్న మాటకు ఎంతో తేడా ఉన్నది. ప్రజ ప్రభువుకు విధేయుడు. పౌరుడు తాను కూడా భాగస్వామి అయిన రాజ్యాంగానికి విధేయుడు. ప్రజకు హక్కులు ప్రభువు దయవల్ల వస్తాయి. పౌరునికి అవి రాజ్యాంగం వల్ల వస్తాయి.

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1949 నవంబరులో నిజాం ఫర్మానా జారీ చేసి, భారత రాజ్యాంగం హైదరాబాదుకు వర్తిస్తుందని అంగీకరించాడు. 1950 జనవరి 26న హైదరాబాదు 'బి' భాగపు రాష్ట్రంగా ఏర్పడింది.

రాజ్యాంగంలోని రెండవ భాగంలో 5 నుండి 11 వరకు గల ప్రకరణలు పౌరసత్వాన్ని గురించి తెలుపుతాయి. రాజ్యాంగంలో అధిక భాగం 1950 జనవరి 26న అమలులోకి రాగా, 5 నుండి 9 వరకు గల ప్రకరణలు 1949 నవంబరు 26 నుండే అమలులోకి వచ్చాయి. ముసాయిదా కమిటీకి ఎంతో తలనొప్పి తెచ్చిన ప్రకరణలలో ఇది ఒకటని పౌరసత్వ ప్రకరణను ఉద్దేశించి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్నారు. దేశ విభజన వల్ల లక్షలాది మంది సరిహద్దులు దాటుతున్న కాలం అది.

5వ ప్రకరణ ప్రకారం రాజ్యాంగం ప్రారంభమయ్యేనాటికి భారత భూభాగంలో స్థిర నివాసం ఉండి, ఈ కింది మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వ్యక్తి పౌరుడు అవుతాడు.
(అ) భారత భూభాగంలో పుట్టి ఉండటం.
(ఆ) తల్లిదండ్రులలో ఒకరు భారత భూభాగంలో పుట్టి ఉండటం.
(ఇ) రాజ్యాంగ ప్రారంభానికి ముందు కనీసం అయిదు సంవత్సరాలు ఇక్కడ నివసించి ఉండటం.

తాతగారు మౌలాలిలోనే పుట్టారు, మౌలాలిలోనే స్థిరపడ్డారు. కనుక ఆయనకు ఈ ప్రకరణ కిందనే పౌరసత్వం లభించింది. దీనికోసం ఆయన ఏ కాగితంపైనా సంతకం పెట్టలేదు. నిజాం ప్రజగా పెరిగిన తరంవారు ఆ విధంగా పౌరులయ్యారు. 1952లో ముగిసిన తొలి సాధారణ ఎన్నికలలో 21 ఏళ్ళు నిండినవారందరికీ ఓటు హక్కు లభించింది.

అయితే అన్ని కుటుంబాల కథ ఇంత సులువుగా సాగలేదు. 1947 మార్చి 1 తరువాత పాకిస్తాన్‌కు వలస వెళ్ళినవారిని 7వ ప్రకరణ పౌరులుగా గుర్తించలేదు. తిరిగి స్థిరపడటానికి అనుమతి పత్రంతో వచ్చినవారికి మాత్రమే మినహాయింపు ఇచ్చింది. పాకిస్తాన్ నుండి ఇక్కడికి వచ్చినవారి గురించి 6వ ప్రకరణ, విదేశాలలో ఉంటున్న భారత సంతతివారి గురించి 8వ ప్రకరణ తెలుపుతాయి. ఇష్టపూర్వకంగా విదేశీ పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారని 9వ ప్రకరణ పేర్కొంటుంది. 11వ ప్రకరణ పౌరసత్వంపై చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసి, పైన ఇచ్చిన పాఠంతో పోల్చుకోండి.
1. పౌరులకు మాత్రమే లభించే రెండు ప్రాథమిక హక్కులను పేర్కొనండి.
2. 5వ ప్రకరణ ప్రకారం పౌరసత్వానికి కావలసిన అర్హతలు ఏవి?

9.4 పౌరసత్వాన్ని పొందే పద్ధతులు

11వ ప్రకరణ ఇచ్చిన అధికారంతో పార్లమెంటు 1955లో పౌరసత్వ చట్టాన్ని చేసింది. దీనిని తరువాత పలుమార్లు సవరించారు. ఈ చట్టం అయిదు పద్ధతులను పేర్కొంటుంది.

1. పుట్టుక ద్వారా: ఇందులో పుట్టిన తేదీ చాలా ముఖ్యం.
- 1950 జనవరి 26 నుండి 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవారు, తల్లిదండ్రుల పౌరసత్వంతో నిమిత్తం లేకుండా పౌరులు. 1962లో పుట్టిన కుమారుడు, 1965లో పుట్టిన కోడలు ఈ వర్గంలోకి వస్తారు.
- 1987 జూలై 1 నుండి 2004 డిసెంబరు 3కు ముందు పుట్టినవారి తల్లిదండ్రులలో కనీసం ఒకరు పౌరులై ఉండాలి. 1988లో పుట్టిన మనవడు, 1991లో పుట్టిన మనవరాలు ఇందులోకి వస్తారు.
- 2004 డిసెంబరు 3 నుండి పుట్టినవారి విషయంలో తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. 2016లో పుట్టిన మునిమనవడు ఇందులోకి వస్తాడు.

ఒకే ఇంట్లో మూడు తరాలు పుట్టుక ద్వారానే పౌరులు. కాని మూడు తరాలకు మూడు నియమాలు. తొలి నియమంలో పుట్టిన చోటు ఒక్కటే సరిపోయేది. కాలం గడిచేకొద్దీ తల్లిదండ్రుల హోదాకు ప్రాధాన్యం పెరిగింది. విదేశీ దౌత్యవేత్తల పిల్లలకు ఈ పద్ధతి వర్తించదు.

2. వారసత్వం ద్వారా: భారతదేశం వెలుపల పుట్టిన పిల్లలకు ఇది వర్తిస్తుంది. 1992 డిసెంబరు 10కి ముందు పుట్టినవారికి తండ్రి పౌరసత్వాన్నే చూసేవారు. ఆ తేదీ నుండి తల్లి పౌరసత్వానికి కూడా సమాన విలువ లభించింది. 2004 డిసెంబరు 3 నుండి పుట్టినవారి విషయంలో, పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరం. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటన ఇవ్వాలి. న్యూజెర్సీలో పుట్టిన మునిమనవరాలికి అక్కడి నియమం ప్రకారం పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం వచ్చింది. ఆమెకు అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నారు. అందువల్ల ఆమె భారత పౌరురాలు కాదు.

3. నమోదు ద్వారా: ఏడు సంవత్సరాలుగా భారతదేశంలో నివసిస్తున్న భారత సంతతివారు, భారత పౌరులను వివాహమాడి ఏడు సంవత్సరాలుగా ఇక్కడ నివసిస్తున్నవారు, పౌరుల మైనరు పిల్లలు మొదలైనవారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకప్పుడు స్వతంత్ర భారత పౌరులై ఉండి, విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి ఉంటే వారికి కూడా అవకాశం ఉన్నది.

4. సహజీకరణ ద్వారా: ఏ విధమైన భారత మూలాలూ లేని విదేశీయుడు కూడా ఈ పద్ధతిలో పౌరుడు కావచ్చు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు నిరంతరంగా, దానికి ముందరి పద్నాలుగు సంవత్సరాలలో మొత్తం పదకొండు సంవత్సరాలు ఇక్కడ నివసించి ఉండాలి. మంచి నడవడిక ఉండాలి. రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలులో ఉన్న ఏదో ఒక భాష తగినంతగా తెలిసి ఉండాలి. ఆ భాషలలో తెలుగు కూడా ఒకటి. 2019లో చేసిన సవరణ, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవ మతస్తులకు ఈ పదకొండు సంవత్సరాల కాలాన్ని అయిదు సంవత్సరాలకు తగ్గించింది. దీని నియమాలు 2024 మార్చిలో వెలువడ్డాయి. మతాన్ని ప్రాతిపదికగా తీసుకోవడంపై ఈ సవరణ దేశమంతటా చర్చకు దారితీసింది. దీని రాజ్యాంగబద్ధతను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టులో పలు పిటిషన్లు దాఖలయ్యాయి.

5. భూభాగ విలీనం ద్వారా: ఏదైనా కొత్త ప్రాంతం భారతదేశంలో కలిసినప్పుడు, అక్కడి ప్రజలలో ఎవరు పౌరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా ప్రకటిస్తుంది. దీనికి తెలుగువారి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉన్నది. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. ఫ్రెంచి స్థావరాలను అప్పగించే ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగాయి. అది 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. అక్కడే పుట్టి అక్కడే స్థిరపడిన ఫ్రెంచి జాతీయులు ఆ రోజు నుండి భారతీయులయ్యారు. ఫ్రెంచి జాతీయతను నిలుపుకోదలచినవారు ఆరు నెలలలోగా లిఖితపూర్వకంగా తెలపవలసి ఉండేది. మన ఉదాహరణలోని కోడలి తండ్రి అట్లా రాసి ఇవ్వలేదు. కనుక భారత పౌరుడయ్యారు. ఆయన ఇల్లు, ఊరు, భాష ఏవీ మారలేదు. పౌరసత్వం మాత్రం మారింది.

ఇక్కడ ఒక విషయం మీద దృష్టి నిలపండి. నమోదు ద్వారా గాని, సహజీకరణ ద్వారా గాని పౌరసత్వం పొందే వయోజనులు ఒక ప్రమాణం చేయాలి. రాజ్యాంగం పట్ల విధేయతతో ఉంటామని, చట్టాలను పాటిస్తామని, పౌరులుగా తమ విధులను నెరవేరుస్తామని ఆ ప్రమాణ సారాంశం. పుట్టుకతో పౌరులైన మనం అటువంటి ప్రమాణం ఎన్నడూ చేయలేదు. అంతమాత్రాన మన విధులు తగ్గిపోవు. అడిగి తీసుకున్నవారికి ఏ విధులు ఉన్నాయో, అడగకుండా పొందిన మనకూ అవే ఉన్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. 1995లో హైదరాబాదులో పుట్టిన వ్యక్తికి పుట్టుక ద్వారా పౌరసత్వం రావడానికి ఏ షరతు వర్తిస్తుంది?
2. యానాం ప్రజలకు భారత పౌరసత్వం ఏ పద్ధతిలో లభించింది?

9.5 పౌరసత్వాన్ని కోల్పోయే పద్ధతులు

పౌరసత్వ చట్టం మూడు పద్ధతులను తెలుపుతుంది.

(అ) పరిత్యాగం: వయోజనుడైన పౌరుడు తన పౌరసత్వాన్ని వదులుకుంటున్నట్లు స్వయంగా ప్రకటించడం.

(ఆ) అంతమవడం: ఇష్టపూర్వకంగా మరొక దేశ పౌరసత్వం తీసుకున్న వెంటనే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. తాతగారు అడిగిన ప్రశ్నకు సమాధానం ఇదే. మనవడు అమెరికా పౌరునిగా ప్రమాణం చేసిన రోజున భారత పౌరుడు కాకుండా పోతాడు. తన భారత పాస్‌పోర్టును అప్పగించాలి. కేవలం గ్రీన్ కార్డు ఉన్నంత మాత్రాన పౌరసత్వం పోదు. అది నివాస అనుమతి మాత్రమే.

అమెరికా పౌరుడైన తరువాత అతడు విదేశీ భారత పౌరునిగా నమోదు చేయించుకోవచ్చు. 2005 నుండి అమలులో ఉన్న ఈ కార్డును వాడుకలో ఓసీఐ అంటారు. దీనితో వీసా లేకుండా జీవితాంతం రాకపోకలు సాగించవచ్చు. కాని పేరులో పౌరుడన్న మాట ఉన్నప్పటికీ ఇది ద్వంద్వ పౌరసత్వం కాదు. ఓసీఐ కార్డు గలవారు ఓటు వేయలేరు. చట్టసభలకు పోటీ చేయలేరు. వ్యవసాయ భూమి కొనలేరు. కనుక మనవడు తాతగారి ఇంటికి ఎప్పుడైనా రావచ్చు. కాని ఈ దేశ నిర్ణయాలలో అతనికి పాలు ఉండదు.

(ఇ) రద్దు: నమోదు లేదా సహజీకరణ ద్వారా పౌరసత్వం పొందినవారు మోసంతోగాని, తప్పుడు సమాచారంతోగాని, ముఖ్య విషయాన్ని దాచిగాని దానిని పొందినట్లు తేలితే కేంద్ర ప్రభుత్వం రద్దు చేయవచ్చు. అయితే ఆ వ్యక్తి పౌరునిగా కొనసాగడం ప్రజా ప్రయోజనానికి అనుకూలం కాదని కూడా నిర్ధారించుకోవాలి.

దీనికి తెలంగాణలో బాగా చర్చ జరిగిన ఉదాహరణ వేములవాడ శాసనసభ్యులుగా పనిచేసిన చెన్నమనేని రమేష్ వ్యాజ్యం. జర్మనీ పౌరసత్వం తీసుకున్న ఆయన, 2009లో నమోదు ద్వారా తిరిగి భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారతదేశంలో నివసించాలన్న నిబంధన నెరవేరలేదన్నది వివాదాంశం. కేంద్ర ప్రభుత్వం 2017లో పౌరసత్వాన్ని రద్దు చేసింది. ప్రజా ప్రయోజనం అనే అంశాన్ని కూడా పరిశీలించి నిర్ణయించాలని 2019 జూలైలో హైకోర్టు ఆ వ్యవహారాన్ని తిప్పి పంపింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం మళ్ళీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద చెల్లించాలని ఆదేశించింది. పౌరసత్వ దరఖాస్తులో రాసే ప్రతి వివరం ఎంత బాధ్యతతో కూడినదో ఈ వ్యాజ్యం తెలుపుతుంది.

9.6 పౌరసత్వం, స్థానికత, గుర్తింపు పత్రాలు

విద్యార్థులు ఎక్కువగా పొరబడే అంశం ఇది. ఉద్యోగ ప్రకటనలలో స్థానిక అభ్యర్థి అన్న మాట మీరు చూసి ఉంటారు. స్థానికతకు, పౌరసత్వానికి సంబంధం ఏమిటి?

హైదరాబాదు సంస్థానంలో 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం ప్రభుత్వోద్యోగాలు ముల్కీలకే దక్కాలి. సంస్థానంలో పుట్టిన ప్రజలతో పాటు, పదిహేను సంవత్సరాలు స్థిరంగా నివసించి, తిరిగి స్వస్థలానికి వెళ్ళే ఉద్దేశం మానుకున్నట్లు ప్రమాణపత్రం ఇచ్చినవారిని కూడా ముల్కీలుగా గుర్తించేవారు. 1952లో ముల్కీ ఉద్యమం, 1969లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కేంద్రంగా ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఈ నిబంధనల అమలు ప్రశ్నతో ముడిపడి సాగాయి.

నివాసాన్ని బట్టి ఉద్యోగాలలో వివక్ష చూపరాదని 16వ ప్రకరణ చెబుతుంది. అయితే నివాస అర్హతను నిర్ణయించే అధికారాన్ని అదే ప్రకరణ పార్లమెంటుకు ఇచ్చింది. ఈ అధికారంతో చేసిన 1957 నాటి చట్టంలో తెలంగాణకు సంబంధించిన నిబంధన చెల్లదని 1969లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు వచ్చింది. తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి ప్రకరణ వచ్చాయి. నేడు తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అమలులో ఉన్నది. ఇందులో స్థానికతకు ప్రధానంగా 1 నుండి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నది ఆధారం.

కనుక ఒక వ్యక్తి మౌలాలిలో స్థానికుడు కాకపోయినా భారత పౌరుడే. స్థానికత ఉద్యోగ అవకాశాల పంపిణీకి సంబంధించింది. పౌరసత్వం దేశంలో సభ్యత్వానికి సంబంధించింది. దేశంలో స్థిర నివాసం ఒక్కటేనని, రాష్ట్రానికొక స్థిర నివాసం లేదని 1984లో ప్రదీప్ జైన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అట్లాగే ఆధార్ సంఖ్య పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతున్నది. నిర్ణీత కాలం ఇక్కడ నివసించిన విదేశీ విద్యార్థి కూడా ఆధార్ పొందవచ్చు. కార్డులు పౌరసత్వాన్ని సృష్టించవు. పుట్టిన చోటు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల హోదా వంటి వాస్తవాలకు చట్టాన్ని అన్వయించినప్పుడు పౌరసత్వం తేలుతుంది. కాబట్టి ఆ వాస్తవాలను నమోదు చేయించడం అన్నిటికన్నా ముఖ్యం. బిడ్డ పుట్టిన 21 రోజులలోగా జననాన్ని నమోదు చేయించాలి. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు ఆగనవసరం లేదు, పేరును తరువాత చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 నుండి పుట్టినవారికి పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసుకోవడానికి జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారం. ఇంటి దగ్గర జరిగే కాన్పులలోను, పనికోసం వలస వచ్చిన కుటుంబాలలోను ఈ నమోదు జరగకపోతే, ఆ బిడ్డ బడిలో చేరేనాడు, పాస్‌పోర్టు అడిగేనాడు ఇబ్బంది పడవలసి వస్తుంది.

9.7 ప్రాథమిక విధులు

1950 నాటి రాజ్యాంగంలో పౌరుల విధుల జాబితా లేదు. స్వరణ్ సింగ్ కమిటీ సిఫారసులపై 1976లో 42వ సవరణ ద్వారా 51-ఎ ప్రకరణను చేర్చారు. మొదట పది విధులు ఉండేవి. 2002లో 86వ సవరణ పదకొండవ విధిని చేర్చింది. అవి:

1. రాజ్యాంగాన్ని పాటించడం, జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించడం.
2. స్వాతంత్ర్యోద్యమ ఆదర్శాలను అనుసరించడం.
3. దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను కాపాడటం.
4. దేశాన్ని రక్షించడం, పిలుపు వచ్చినప్పుడు జాతీయ సేవ చేయడం.
5. మత, భాషా, ప్రాంతీయ భేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంచడం, మహిళల గౌరవాన్ని తగ్గించే ఆచారాలను విడనాడటం.
6. మిశ్రమ సంస్కృతీ వారసత్వాన్ని కాపాడటం.
7. అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులను రక్షించడం, జీవుల పట్ల దయ చూపడం.
8. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, పరిశీలనా తత్వాన్ని అలవరచుకోవడం.
9. ప్రజా ఆస్తిని కాపాడటం, హింసను విడనాడటం.
10. వ్యక్తిగత, సామూహిక రంగాలలో ఉన్నత స్థాయికి కృషి చేయడం.
11. ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు చదువు చెప్పించడం.

ఇవి పౌరులకు మాత్రమే వర్తిస్తాయి. వీటిని ఉల్లంఘిస్తే 51-ఎ ప్రకరణ కింద నేరుగా శిక్ష విధించడానికి వీలు లేదు. కాని కొన్నిటికి విడిగా చట్టాలు ఉన్నాయి. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం (1971), వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972), ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం (1984) ఇటువంటివి.

విధిని బలవంతపు వినయంగా అర్థం చేసుకోరాదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదు. గౌరవంగా లేచి నిలబడ్డారు. బడి వారిని తొలగించింది. గౌరవంగా నిలబడటం అవమానించడం కాదని 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విధులు హక్కులను మింగివేయరాదని ఈ తీర్పు వల్ల తెలుస్తున్నది.

ఈ విధులను మీ పరిసరాలకు అన్వయించి చూడండి. మౌలాలి గుట్టమీది దర్గా కుతుబ్ షాహీల కాలం నాటిది. అక్కడికి అన్ని మతాలవారూ వస్తారు. ఆ గుట్ట దిగువనే ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి ఉన్నది. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనంలో హిందూ, ఇస్లామిక్ వాస్తు శైలులు రెండూ కనిపిస్తాయి. ఈ గోడలపై పేర్లు చెక్కకుండా ఉండటం ఆరవ విధి. తార్నాక, హబ్సిగూడ ప్రాంతంలో పోషకాహార, రసాయన, జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. వాటిలో ఒకటైన సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకులు పుష్ప మిత్ర భార్గవ శాస్త్రీయ దృక్పథం కోసం జీవితాంతం కృషి చేశారు. ఫోనులో వచ్చిన వైద్య సలహాను నిజమో కాదో తెలుసుకోకుండా నలుగురికి పంపకపోవడం కూడా ఎనిమిదవ విధి కిందికే వస్తుంది.

శాంతియుతంగా సమావేశం కావడం 19వ ప్రకరణ ఇచ్చిన హక్కు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎన్నో ఉద్యమాలలో ఈ హక్కును వినియోగించుకున్నారు. ఆందోళనలో బస్సు అద్దం పగిలితే మాత్రం ఆ నష్టం టికెట్టు కొనే ప్రయాణికుని మీదనే పడుతుంది. తొమ్మిదవ విధి ఇక్కడ గుర్తుకు రావాలి.

9.8 పౌర బాధ్యతలు

ఓటు వేయడం, పన్ను చెల్లించడం ప్రాథమిక విధుల జాబితాలో లేవు. పన్ను చెల్లింపును చేర్చాలని స్వరణ్ సింగ్ కమిటీ సూచించినా దానిని చేర్చలేదు. పన్నును చట్టం వసూలు చేస్తుంది. ఓటును మాత్రం ఎవరూ బలవంతంగా వేయించరు. హైదరాబాదు నగరపాలక సంస్థకు 2016లోను, 2020లోను జరిగిన ఎన్నికలలో ఓటర్లలో సగం కంటే తక్కువ మంది ఓటు వేశారు. మురుగు కాలువ, వీధి దీపం, చెత్త బండి గురించి నిర్ణయించే సంస్థ అదే.

మీకు 18 ఏళ్ళు నిండితే ఫారం 6 ద్వారా ఓటరుగా నమోదు కండి. ఇల్లు మారితే చిరునామా మార్పించుకోండి. కుటుంబంలో చనిపోయినవారి పేర్లు తీసివేయించండి. విదేశాలలో ఉండి ఇంకా భారత పౌరులుగా ఉన్నవారు కూడా ఓటరుగా నమోదు కావచ్చు. పౌరులు కానివారి పేరు జాబితాలో చేర్చించడం, అర్హులైన పొరుగువారి పేరును తప్పుడు ఫిర్యాదుతో తీసివేయించడం రెండూ తప్పే. మరొకరి పౌరసత్వాన్ని వారి భాషను బట్టి, వేషాన్ని బట్టి, మతాన్ని బట్టి అనుమానించే అధికారం ఏ పౌరునికీ లేదు. అది చట్టం ప్రకారం అధికారులు, న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం.

9.9 సారాంశం

పౌరసత్వం అంటే రాజ్యంలో పూర్తి సభ్యత్వం. రాజ్యాంగం ప్రారంభమైనప్పుడు 5 నుండి 8 వరకు గల ప్రకరణల ద్వారా, తరువాత 1955 చట్టం ద్వారా అది లభిస్తున్నది. పుట్టుక, వారసత్వం, నమోదు, సహజీకరణ, భూభాగ విలీనం దానిని పొందే పద్ధతులు. పరిత్యాగం, అంతమవడం, రద్దు దానిని కోల్పోయే పద్ధతులు. స్థానికత గాని, ఆధార్ గాని పౌరసత్వం కాదు. మౌలాలి తాతగారు ఏ దరఖాస్తు లేకుండా పౌరుడయ్యారు. ఆయన మనవడు దరఖాస్తు పెట్టి దానిని వదులుకోబోతున్నాడు. ఈ రెండింటి మధ్య మిగిలిన మనం, ప్రమాణం చేయకపోయినా, ప్రమాణం చేసినవారితో సమానంగా విధులకు కట్టుబడి ఉన్నాం.

9.10 కీలక పదాలు

స్థిర నివాసం: శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశంతో ఒక దేశంలో నివసించడం.
సహజీకరణ: నిర్ణీత కాలం నివసించిన విదేశీయునికి షరతులపై పౌరసత్వం ఇవ్వడం.
ముల్కీ: హైదరాబాదు సంస్థానంలో స్థానికునిగా గుర్తింపు పొందిన వ్యక్తి.
ఓసీఐ: విదేశీ పౌరసత్వం గల భారత సంతతివారికి ఇచ్చే నమోదు. ఇది పౌరసత్వం కాదు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. భారత పౌరసత్వాన్ని పొందే పద్ధతులను సోదాహరణంగా వివరించండి.
2. ప్రాథమిక విధులను పేర్కొని, వాటి ప్రాముఖ్యాన్ని చర్చించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. పౌరసత్వానికి, స్థానికతకు గల తేడా ఏమిటి?
2. భారత పౌరసత్వం ఎట్లా అంతమవుతుంది?
3. హైదరాబాదు సంస్థాన ప్రజలు భారత పౌరులుగా మారిన తీరును తెలపండి.

అభ్యాసం: మీ కుటుంబంలో మూడు తరాల వారి పుట్టిన తేదీలు, స్థలాలు సేకరించి, ఒక్కొక్కరికి ఏ నిబంధన ప్రకారం పౌరసత్వం లభించిందో పట్టిక తయారు చేయండి. ఎవరి జననమైనా నమోదు కాలేదని తెలిస్తే, నమోదుకు ఏమి చేయాలో మీ నగరపాలక లేదా గ్రామపంచాయతీ కార్యాలయంలో అడిగి రాసుకోండి.